రాతి అరుగు కట్టేవారికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పెరటి గుమ్మం ముందు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుతో రాతి అరుగు కట్టించుకోవాలని ఉంది. ఇంటి బేస్‌మెంటు నేలకి రెండున్నర అడుగుల ఎత్తులో ఉంది. మాది ఎర్రమట్టి నేల. ‘ఒక అడుగు తవ్వి రాయి పెట్టేద్దాం. లోపల పాత గోడ పెచ్చులు, పెరట్లో మట్టీ పోసి పైన బండలు పరిచేద్దాం’ అంటున్నారు మేస్త్రి. అలా చేస్తే నిలుస్తుందా? సామాను ఎంత తెప్పించాలి?
— ఒక పాఠకుడు, ఆమదాలవలస

అలా కడితే రెండో వానాకాలానికే బండలు కుంగుతాయి. గోడ పెచ్చుల మధ్య ఖాళీలుంటాయి. నీళ్ళు దిగిన కొద్దీ పైమట్టి ఆ ఖాళీల్లోకి జారిపోతుంది. పెచ్చుల్లో చెక్క ముక్కలుంటే చెదలు పడతాయి. పెరటి పైమట్టిలో ఉండే వేర్లు, ఆకులు కుళ్ళి ఆ మేరకు మట్టి దిగిపోతుంది. అరుగు పాడవడానికి రాయి కారణం కావడం చాలా అరుదు. లోపల పోసిన మట్టి, ఆ మట్టిలో నిలిచిపోయిన నీళ్ళు, ఈ రెండే దాన్ని చెడగొడతాయి. అందుకే ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే పైన పరిచే బండలో తగ్గించుకోండి గాని, లోపల నింపే రాళ్ళు కలిసిన ఎర్రమట్టి, అంటే గ్రావెల్‌లో తగ్గించకండి.

ముందు ఎత్తు తేల్చుకోండి. అరుగు ఇంటి గచ్చు కంటే కనీసం 6 అంగుళాలు కింద ఉండాలి. లేకపోతే తుపాను గాలికి వాన నీరు గుమ్మం దాటి లోపలికి వస్తుంది, గోడ అడుగున చెమ్మ ఎక్కుతుంది. మీ బేస్‌మెంటు 30 అంగుళాలు కాబట్టి ఇంటి వైపు అరుగు ఎత్తు 24 అంగుళాలు, ముందు అంచున 22 అంగుళాలు పెట్టుకోండి. 10 అడుగుల్లో 2 అంగుళాల వాటం (వాలు) వస్తుంది, అది చాలు. 22 అంగుళాలకి అయిదున్నర అంగుళాల చొప్పున నాలుగు ఎక్కుళ్ళు వస్తాయి. నాలుగోది అరుగు మీదికే కాబట్టి కట్టాల్సిన మెట్లు మూడు. పాదం మోపే వెడల్పు 12 అంగుళాలు ఉంచండి.

మూల మట్టం సరిచూడడానికి ఒక మూల నుంచి ఒక తాడు మీద 6 అడుగులు, రెండో తాడు మీద 8 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య కొలవండి. సరిగ్గా 10 అడుగులు వస్తే మూల సరిగా ఉన్నట్టు. ఎత్తులకి ట్యూబ్ లెవెల్, అంటే లోపలి నీరు కనిపించే గొట్టం, వాడండి. ట్యూబులో గాలి బుడగ ఉంటే కొలత తప్పు చూపుతుంది, నీళ్ళు నింపాక ఒకసారి పరికించి చూడండి.

పునాది మూడు వైపులా 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు తవ్వించండి. ఇంటి గోడ దగ్గరికి వచ్చేసరికి జాగ్రత్త పడాలి. ఇంటి పునాది అడుగు కంటే లోతుకి తవ్వకూడదు, బయటికి పొడుచుకొచ్చిన దాని రాళ్ళని నరకకూడదు. అడుగున దిమ్మిస కొట్టి, 40 మి.మీ. మెటల్‌తో 1:4:8 (సిమెంటు ఒకటి, ఇసుక నాలుగు, మెటల్ అంటే కంకర ఎనిమిది) కాంక్రీటు 4 అంగుళాలు వేయాలి. దాని మీద నేల మట్టం వరకు 18 అంగుళాల మందం, అక్కడి నుంచి పైకి 15 అంగుళాల మందం రాతి కట్టు. పై కట్టు ఇంటి వైపు 20 అంగుళాలు, ముందు 18 అంగుళాల దగ్గర ఆగితే, మీద మాలూ (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) బండా కలిపి 4 అంగుళాలు పడుతుంది.

కొత్త గోడని ఇంటి గోడకి రాయి దూర్చి కలపకండి. ఇల్లు ఏనాడో సర్దుకుంది, అరుగు ఇంకా సర్దుకోవాలి. కలిపి కడితే కలిపిన చోటే పగులుతుంది. రెంటి మధ్య అర అంగుళం థర్మోకోల్ పలక నిలబెట్టి కట్టి, చివర్లో పైన ఒక అంగుళం లోతు గీకేసి సీలెంట్ నింపాలి.

రాతి కట్టుకి సిమెంటు ఒకటికి ఇసుక ఆరు. బస్తా సిమెంటు ఒకటింబావు ఘనపుటడుగులు. ఆ కొలతకి ఒక చెక్క పెట్టె చేయించుకుంటే బస్తాకి ఆరు పెట్టెల ఇసుక అని లెక్క తేలిగ్గా ఉంటుంది. గమేళాలతో కొలిస్తే ప్రతి కలుపూ వేరుగా వస్తుంది. చెమ్మగా ఉన్న ఇసుక ఉబ్బి ఉంటుంది కాబట్టి తడి ఇసుక పోసేటప్పుడు ఆరో పెట్టెకి కాస్త గోపురం కట్టనివ్వండి. నీళ్ళు కలిపిన మాలు గంటలోపు అయిపోవాలి. బిగుసుకున్న మాలులో మళ్ళీ నీళ్ళు పోసి పల్చన చేస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది గాని పట్టు ఉండదు.

పనిలో మీరు దగ్గరుండి చూడాల్సింది గోడ మధ్య భాగం. బయట ఒక వరస, లోపల ఒక వరస అందమైన రాళ్ళు పేర్చి, మధ్యలో ముక్కలు పొడిగా పోసి, పైన ఒక తట్ట మాలు కప్పేస్తారు. బయటికి గోడలా కనిపిస్తుంది గాని నిజానికి అవి రెండు సన్నటి గోడలు. లోపలి మట్టి తడిసి తోస్తే బయటి వరస ఒక్కటే ఊడి పొట్ట తీస్తుంది. ప్రతి రాయి మాలు పరుపు మీద కూర్చోవాలి. మధ్య ఖాళీల్లో ముందు మాలు వేసి, అందులోకి ముక్కని సుత్తితో దిగ్గొట్టాలి. గోడ ముఖం మీద ప్రతి 5 చదరపు అడుగులకి ఒకటి చొప్పున మందమంతా పట్టే పొడుగు రాయి ఉండాలి. అంత పొడుగు రాయి దొరక్కపోతే రెండు రాళ్ళు మధ్యలో ఒకదాని మీద ఒకటి 6 అంగుళాలు ఎక్కేలా పెట్టవచ్చు. నిలువు సందు మీద నిలువు సందు రాకూడదు. పెట్టేముందు రాయిని నీళ్ళతో తడపాలి, పొడి రాయి మాలులోని నీటిని లాగేస్తుంది. మూలలకి పెద్ద రాళ్ళు ఎంచి పక్కన పెట్టించండి.

నేలకి 6 అంగుళాల ఎత్తులో 2 అంగుళాల పీవీసీ పైపు ముక్కలు కాస్త బయటికి వాలేలా గోడలో ఉంచి కట్టాలి. ముందు గోడకి మూడు, పక్క గోడలకి రెండేసి. లోపలి మూతికి ప్లాస్టిక్ జాలీ కట్టి, చుట్టూ తట్టెడు 40 మి.మీ. మెటల్ పోయాలి. చాలామంది మేస్త్రులు ‘బాగోదండీ’ అని ఈ పైపులు వద్దంటారు. మీరు మాత్రం ఒప్పుకోకండి. దిగిన నీరు బయటికి పోయే దారి ఇదొక్కటే.

గోడ కట్టి, తడుపుతూ పది రోజులు ఆగాక నింపడం మొదలుపెట్టండి. లోపల పైమట్టి 6 అంగుళాలు తీసేయండి. ఎర్ర గ్రావెల్‌ని 6 అంగుళాల పొరగా పోసి, అది సుమారు నాలుగున్నర అంగుళాలకి దిగేదాకా దిమ్మిస కొట్టాలి. ప్లేట్ కంపాక్టర్ అద్దెకి దొరికితే మరీ మంచిది, గోడ పక్కన అర అడుగు మేర మాత్రం చేత్తోనే కొట్టించండి. చెమ్మ ఎంత ఉండాలంటే, గుప్పిట్లో పిసికితే ముద్ద కట్టాలి, చేతికి నీరు అంటకూడదు. గ్రావెల్ అంతా ఒకేసారి పోసి నీళ్ళు కట్టి వదిలేయడం మన వైపు అలవాటు. శుభ్రమైన ఇసుకకి అది పనికొస్తుంది. బంకమట్టి కలిసిన గ్రావెల్ నీటిలో బురదై, ఆరాక బీటలిచ్చి, మళ్ళీ తడిసినప్పుడు కుంగుతుంది.

నింపిన దాని మీద 20 మి.మీ. మెటల్‌తో 1:3:6 కాంక్రీటు 4 అంగుళాలు, గోడ పైమట్టానికి సమంగా, వాటం ఇక్కడే పెడుతూ వేయాలి. బస్తా సిమెంటుకి నీళ్ళు 34 లీటర్లు దాటకూడదు. ఏడు రోజులు తడిపాక 1:4 మాలు మీద బండలు. బండ కింద నాలుగు మూలలా ముద్దలు పెట్టి అతికించడం వద్దు, ముద్దల మధ్య డొల్ల మిగిలి బరువు పడితే విరుగుతుంది. మాలు నిండుగా పరిచి రబ్బరు సుత్తితో కొట్టి, వేలి కణుపుతో తట్టి చూడండి. బోలు చప్పుడు వస్తే తీసి మళ్ళీ వేయించండి. ముందు అంచు బండ గోడ దాటి ఒక అంగుళం బయటికి ఉండాలి, దాని అడుగున కట్టర్‌తో సన్నటి గాడి తీయిస్తే నీరు గోడ వెంట జారకుండా అక్కడే చుక్కగా రాలుతుంది. మెట్లకి కూడా అడుగున్నర లోతు పునాది వేయించండి. వదులు మట్టి మీద కూర్చోబెట్టిన మెట్టు మొదటి ఏడే గోడ నుంచి విడిపోతుంది.

సామాను లెక్క, మెట్లు కాకుండా: రాతి కట్టు సుమారు 135 ఘనపుటడుగులు. చెక్కుడుకి, ఖాళీలకి కలిపి కొండరాయి 170 తెప్పించండి. సిమెంటు మొత్తం 17, 18 బస్తాలు. అందులో రాతి కట్టుకి 7, అడుగు కాంక్రీటుకి 2, పై కాంక్రీటుకి మూడున్నర, బండల కింద మాలుకి మూడు పైచిలుకు, మిగతాది పాయింటింగుకి, అంటే సందులు మాలుతో పూడ్చడానికి. ఇసుక ఒక యూనిట్, అంటే 100 ఘనపుటడుగులు. 40 మి.మీ. మెటల్ 30, 20 మి.మీ. మెటల్ 25 ఘనపుటడుగులు. గ్రావెల్ రెండు యూనిట్లు, దిమ్మిస కొట్టాక అది 145, 150 ఘనపుటడుగులకి దిగుతుంది. బండలు 132 చదరపు అడుగులు, తరుగుతో కలిపి.

ప్రశ్న: నాలుగేళ్ళ కిందట కట్టిన అరుగు ఒక మూల కుంగింది. గోడకి మెట్లు మెట్లుగా పగులు వచ్చింది. సిమెంటు పూసినా మళ్ళీ విచ్చుకుంటోంది. మొత్తం పడగొట్టాలా?
— ఒక పాఠకురాలు, బొబ్బిలి

అంత తొందర వద్దమ్మా. ముందు పైకి చూడండి. డాబా మీది వాన నీటి గొట్టం ఆ మూలే పడుతోందా? ఒక మూల మాత్రమే కుంగిన అరుగుల్లో తరచుగా కనిపించే కారణం ఇదే. పడిన నీరు పునాది పక్క మట్టిని తడిపి మెత్తబరుస్తుంది, బరువుకి మూల దిగుతుంది. గొట్టాన్ని నేల దాకా దింపి, అరుగుకి 5, 6 అడుగుల దూరంగా నీళ్ళు పోయేలా చేయించండి. అంట్లు తోమిన నీరు, కుళాయి లీకు కూడా ఇంతే పని చేస్తాయి.

తర్వాత పగులు ఇంకా కదులుతోందా, ఆగిపోయిందా తేల్చుకోండి. పగులుకి అడ్డంగా సన్నటి గాజు పలక రెండు చివర్లా సిమెంటుతో అతికించి, తేదీ రాసి పెట్టండి. గాజు విరిగితే కదులుతున్నట్టే. ఒక వానాకాలం దాటినా విరగకపోతే కదలిక ఆగింది. అప్పుడు పగులు సందు ఒక అంగుళం లోతు గీకి, కడిగి, 1:3 మాలు దట్టిస్తే చాలు. పైన పూసిన పూత ఎన్నిసార్లు పూసినా నిలవదు.

గాజు విరిగితే ఆ మూల అటూ ఇటూ 3 అడుగుల మేర విప్పి, పునాదిని గట్టి నేల తగిలేదాకా దించి మళ్ళీ కట్టించండి. విప్పే ముందు బండలకి సుద్దతో వరస నంబర్లు వేయిస్తే అవే బండలు అదే చోట కూర్చుంటాయి.

పగులు కాకుండా గోడ నడుమ బయటికి ఉబ్బిందంటే సంగతి వేరు. గుండు దారం వేలాడదీసి చూడండి. ఒక అంగుళానికి మించి ఉబ్బితే ఆ ముక్క వరకు విప్పాల్సిందే, లోపల పొడి ముక్కలే కనిపిస్తాయి. విప్పే వరకు పిల్లల్ని ఆ గోడ కింద కూర్చోనివ్వకండి.

ప్రశ్న: టెక్కలి వైపు గ్రానైటు ముక్కలు చవగ్గా ఇస్తామంటున్నారు. మా ఊరి కొండ మీద ఎర్రటి రాయి ఊరికే దొరుకుతుంది. పైన మాత్రం కడప నల్లబండ వేద్దామంటున్నారు మా ఇంట్లో. అరుగు మీద చింతపండు, మిరపకాయలు ఎండబెడతాం. ఏది మంచిది?
— ఒక పాఠకుడు, చీపురుపల్లి

గోడకి టెక్కలి నీలి గ్రానైటు ముక్కలు నిస్సందేహంగా మంచివి. ఒకటే చిక్కు. మిషన్‌తో కోసిన నున్నటి ముఖానికి మాలు సరిగా పట్టదు. ఆ ముఖాన్ని ఉలితో గాట్లు పెట్టించండి, లేదా గరుకు ముఖం మాలుకి, నున్నటి ముఖం బయటికి వచ్చేలా పేర్పించండి.

మీ కొండ మీది ఎర్రరాయి చాలావరకు ఖోండలైటు అయి ఉంటుంది. తూర్పు కనుమల్లో అంతటా ఉండే రాయి ఇది, ఖోండు గిరిజనుల పేరు మీదే దానికా పేరు వచ్చింది. కోణార్క్ ఆలయం చాలావరకు కట్టింది దీంతోనే. సముద్రపు గాలికి ఆ శిల్పాలు ఎలా తరిగిపోయాయో చూసినవారికి దీని బలహీనత తెలుస్తుంది. అయితే ఈ రాయి అంతా ఒకలా ఉండదు. సుత్తితో కొట్టండి. ఖంగుమంటే తీసుకోండి, డబ్ మంటే వదిలేయండి. ఇంకా నమ్మకం కావాలంటే ఆరిన ముక్కని తూచి, ఒక రోజంతా నీళ్ళలో ఉంచి, తుడిచి మళ్ళీ తూచండి. కిలో రాయి 50 గ్రాముల కంటే ఎక్కువ నీరు తాగితే కట్టడానికి పనికిరాదు. గట్టి ముక్కలైనా గోడలోకే, నడిచే చోట వద్దు.

ఇక పైబండ. కడప బండ, బేతంచర్ల, తాండూరు, పేర్లు వేరైనా ఇవన్నీ సున్నపురాయి జాతి. చింతపండు, నిమ్మకాయ, మామిడి ఊట తగిలితే మెరుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. అది మరక కాదు, రాయి కరిగిన గుర్తు, ఎంత కడిగినా పోదు. బాత్‌రూములు కడిగే యాసిడ్‌తో తోమితే అరుగంతా అలాగే అవుతుంది. పైగా నల్లబండ మే నెలలో మధ్యాహ్నం కాలు పెట్టనివ్వదు. మిరపకాయలకి ఆ వేడి మంచిదే, చింతపండుకి మాత్రం అడుగున చాప ఉండాలి. మీ అవసరానికి గరుకుగా చేసిన బూడిదరంగు గ్రానైటు సరైనది. పాలిష్ పెట్టినది బయట ఎక్కడా వేయకండి, తడిస్తే పెద్దవాళ్ళు జారిపడతారు.

ప్రశ్న: మాది ఇసుక నేల. సముద్రం దగ్గర. ఇసుక నేలలో రాతి అరుగు కూరుకుపోతుందా? ఇంటి దగ్గరి ఇసుకే మాలుకి వాడొచ్చా? అరుగు కట్టే చోట ఒక కొబ్బరి చెట్టు ఉంది, దాన్ని కొట్టడం ఇష్టం లేదు.
— ఒక పాఠకుడు, కవిటి

ఇసుక పక్కలకి జారిపోకుండా ఉంటే మంచి నేలే. బంకమట్టిలా ఉబ్బదు, కుంచించుకోదు. దానికి భయం ప్రవాహం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మీ పక్కనే పలాస దగ్గర తీరం దాటింది, అలాంటి వానకి పునాది పక్క ఇసుక కోసుకుపోతే గోడ గాల్లో నిలబడుతుంది. అందుకని పునాది రెండున్నర అడుగులు దించండి. అరుగు చుట్టూ 2 అడుగుల మేర రాతి ముక్కలు పరిచి, నీరు పడే చోట ఇసుక చెదరకుండా చూసుకోండి. లోపల నింపడానికి ఆ ఇసుకనే వాడొచ్చు, 9 అంగుళాల పొరలుగా పోసి నీళ్ళతో తడిపి కొట్టిస్తే చక్కగా దిగుతుంది. దిగిన నీరు బయటికి పోవడానికి గోడలో పెట్టే పైపుల లోపలి మూతికి మాత్రం జాలీతో పాటు మెటల్ తప్పనిసరి. లేకపోతే నీటితో పాటు ఇసుకా జారిపోయి బండలు డొల్లపడతాయి.

మాలుకి ఆ ఇసుక వద్దు. ఉప్పు ఉంటే గోడ ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది, తెల్లటి పూత తేలుతుంది, మెట్ల రెయిలింగు ఇనుము తుప్పు పడుతుంది. పైగా అందులో గింజలన్నీ సన్నగా ఒకే సైజులో ఉంటాయి, మాలుకి బలం రాదు. వంశధార, నాగావళి ఇసుక తెప్పించండి. అందులో మట్టి ఎంతుందో గ్లాసులో చూసుకోవచ్చు. సగం గ్లాసు ఇసుక, ముప్పావు దాకా నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి బాగా కలిపి మూడు గంటలు వదిలేయండి. పైన పేరుకున్న ఒండ్రు, కింది ఇసుక మందంలో పన్నెండో వంతు దాటితే కడిగి వాడాలి. మాలు కలిపే నీరు, తడిపే నీరు కూడా మంచినీరే అయి ఉండాలి.

చెట్టుని ఉంచండి. కొబ్బరి వేర్లు సన్నటి పీచు వేర్లు, రావి, మర్రి వేర్లలా గోడని లేపవు. చెట్టు మొదలుకి అన్ని వైపులా 3 అడుగులు వదిలి గుండ్రంగా చిన్న రాతి గోడ కట్టించి, లోపల పాత నేల మట్టాన్ని అలాగే ఉంచండి. మొదలు చుట్టూ రెండడుగుల మట్టి ఎత్తి పైన బండ మూసేస్తే వేర్లకి గాలి, నీరు అందవు. అరుగు మీద కూర్చునే చోటు మాత్రం కాయలు పడే పరిధికి బయట చూసుకోండి.

ప్రశ్న: అరుగు మీద ఏటా పాచి పడుతోంది. బ్లీచింగ్ వేస్తే తగ్గి మళ్ళీ వస్తోంది.
— ఒక పాఠకురాలు, రాజాం

నీరు నిలిచే చోటే పాచి వస్తుంది. వాన ఆగాక అరగంటకి చూసి, ఇంకా తడి ఉన్న బండలకి సుద్దతో గీత గీయండి. ఆ నాలుగైదు బండలు లేపి వాటం సరిచేస్తే చాలావరకు తీరిపోతుంది. బండల సందుల్లో మాలు రాలి ఉంటే అర అంగుళం గీకి 1:3తో పాయింటింగు చేయించండి. గోడ సందులు కూడా అప్పుడే పూడ్పించండి, తెరిచి ఉన్న రాతి సందుల్లోకి తేళ్ళు, పాములు చేరతాయి. బ్లీచింగ్ నీటిని యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపవద్దు, విషవాయువు వస్తుంది.

ప్రశ్న: అరుగు పని ఏ నెలలో మొదలుపెడితే మంచిది? కట్టాక ఎన్నాళ్ళకి ధాన్యం బస్తాలు పెట్టుకోవచ్చు?
— ఒక పాఠకుడు, గజపతినగరం

సంక్రాంతి వెళ్ళాక పునాది తీస్తే మార్చి లోపు తీరిగ్గా అయిపోతుంది. ఏప్రిల్, మేలో కూడా కట్టొచ్చు గాని మాలు ఎండకి తొందరగా ఆరిపోతుంది, గోడ మీద తడి గోనెలు కప్పి రోజుకి మూడు నాలుగుసార్లు తడపాలి. జూన్ తర్వాత పునాది గుంటలో నీరు నిలుస్తుంది, గ్రావెల్ చెమ్మ అదుపులో ఉండదు. సెప్టెంబరులో మొదలుపెట్టి దసరాకి పూర్తి చేద్దామనుకోవడం అన్నిటికంటే ప్రమాదం. మన తీరానికి అక్టోబరు తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ కూడా అక్టోబరు 12నే వచ్చింది. కప్పు పడని గ్రావెల్ ఒక్క రాత్రి వానకి గోడల మధ్య బురద చెరువవుతుంది. ఇప్పటికే అలా తడిసిపోయి ఉంటే దాని మీదే కాంక్రీటు వేయకండి, పై పొర తీసి ఆరబెట్టి మళ్ళీ కొట్టించండి.

బండలు పరిచాక మూడు రోజులు ఎవరూ నడవకుండా చూడండి. ఇప్పుడు ఎక్కువగా దొరికే పీపీసీ (ఫ్లై యాష్ బూడిద కలిపిన) సిమెంటు నిదానంగా బలపడుతుంది కాబట్టి పది రోజులు తడపాలి. ధాన్యం బస్తాలు 28 రోజుల తర్వాతే. అప్పుడు కూడా మొదటిసారి పేర్చేటప్పుడు ఇంటి గోడ వైపు నుంచి మొదలుపెట్టి, ముందు అంచుకి ఒక అడుగు ఖాళీ వదలండి.